ఆరెంజ్ రికార్డులో చీపురు చప్పుడు

మా ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా మాస్టారూ అంటారు, చాటున పాముచెవులాయన అంటారు. నిజం చెప్పాలంటే ఆ రెండోదే నాకు ఎక్కువ ఇష్టం. ఇరవై ఆరేళ్లు ఆ పేరు మీద బతికాను. అందులో ఆఖరి పద్నాలుగు నెలలూ దొంగబతుకు బతికాను. ఆ సంగతే చెప్పబోతున్నాను. నన్నెవరూ అడగలేదు. చెప్పకుండా ఉంటే అన్నం సహించడం లేదు, అందుకని చెబుతున్నాను.

మాది రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ. పాతకాలం రికార్డులే, ముల్లు పెట్టి వినేవి. "ఇంకా అవెవరు కొంటున్నారండీ?" అని చుట్టాలు అడుగుతుంటారు. కొంటున్నారు. పైగా ఇప్పుడు నలుపు పనికిరాదట, రంగు కావాలట. నీలం, ఆకుపచ్చ, ఆరెంజ్, అద్దంలా అవతలి గోడ కనిపించేది, పొగచుట్టలు తిరిగినట్టుండేది. నలుపుకి ఏం తక్కువైందో నాకిప్పటికీ అర్థం కాదు. కొందరైతే కొని, కవరు కూడా చింపకుండా గోడకి తగిలిస్తారట. వినడానికి చేసిన వస్తువును చూడ్డానికి కొనేవాళ్లని చూసి నేను పళ్లు నూరుకునేవాణ్ని. చెవులున్నవాణ్నని నాకు అంత పొగరు మరి.

పని ఇలా జరుగుతుంది. ప్లాస్టిక్ గింజలు వేడికి కరిగి ముద్దవుతాయి. ఆ ముద్ద రెండు లోహపు అచ్చుల మధ్య పడుతుంది. ప్రెస్సు మూసుకుంటుంది, కాసేపటికి తెరుచుకుంటుంది, రికార్డు బయటికొస్తుంది. మా దగ్గర ఐదు ప్రెస్సులున్నాయి. ఓనరుగారి నాన్నగారి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ప్రెస్సులో రంగు మారినప్పుడల్లా, కొత్త రంగు తేటపడ్డాక వచ్చిన మొదటి రికార్డు నా గదికి రావాలి. నేను రెండు వైపులా విని చీటీ మీద సంతకం పెట్టేదాకా ఆ ప్రెస్సు కదలకూడదు. నా గదిలో ఒక కుర్చీ, రెండు స్పీకర్లు, రికార్డు మీద ముల్లు నడిచే గాడులు చూసుకోవడానికి ఒక భూతద్దం, అంతే. గోడలకి మందపాటి గుడ్డ కొట్టి ఉంటుంది. ఆ కుర్చీలో నేను కూర్చుంటే బయట ఓనరుగారైనా సరే తలుపు కొట్టేవారు కాదు.

పద్నాలుగు నెలల కిందట జలుబు చేసి తగ్గక చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా చెవులకి ఏవో తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. నొక్కాను. కాసేపటికి నా వేలికి పని లేకుండా పోయింది. పరీక్ష అయిపోయిందేమో అనుకున్నాను. అవలేదు. ఆవిడ ఒక కాగితం చూపించింది. దాని మీద ఒక గీత సగందాకా తిన్నగా వచ్చి, అక్కణ్నుంచి కిందికి దిగిపోయింది. "లావు శబ్దాలు బానే వినిపిస్తున్నాయండీ. సన్నవి పోయాయి. వయసుతో వచ్చేదే, కంగారుపడకండి. మీరేం పని చేస్తుంటారు?" అని అడిగింది. గుమాస్తా పని అని చెప్పాను.

ఆ కాగితం మడిచి, ఇంట్లో బట్టల బీరువాలో నా కోటు లోపలి జేబులో పెట్టాను. ఆ కోటు నేను వేసుకోను.

ఆ తర్వాత ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాల్సింది అదే. మొదట్లో భూతద్దం మీద ఆధారపడ్డాను. గాడి చూస్తే సగం తెలుస్తుంది. మిగతా సగం రికార్డు తెచ్చినవాళ్ల మొహం చూసి కనిపెట్టేవాణ్ని. ఇవి కాక ఇంకొకటి చేశాను. వారానికి ఒకటి, రెండు వారాలకి ఒకటి, బాగున్న రికార్డును కూడా బాగాలేదని వెనక్కి పంపేవాణ్ని. "పైన ఎక్కడో సన్నగా గీరుతోంది. మళ్లీ వెయ్యండి" అనేవాణ్ని. వాళ్లు వేసేవాళ్లు. రెండోసారి అచ్చం అలాంటి రికార్డే వస్తే, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అనేవాణ్ని. బయటికెళ్లి వాళ్లలో వాళ్లు ఏమనుకునేవారో నాకు తెలుసు. మనకి వినిపించలేదు గానీ ఆయనకి వినిపించిందిరా, పాముచెవులంటే ఊరికే వచ్చాయా అని. అలా నా పేరు నిలబెట్టుకోవడానికి నలుగురి చెవుల మీద వాళ్లకే నమ్మకం లేకుండా చేశాను.

అప్పుడు వచ్చాయి ఆ జర్మన్ రికార్డులు.

నలభై ఎనిమిదేళ్ల కిందట జర్మనీలో ముగ్గురు కలిసి ఒక గదిలో మిషన్ల మీద చేసిన సంగీతం అది. పాట ఉండదు, మాట ఉండదు. రైలు వెళ్తున్నట్టు ఒక మోత, దాని మీద తీగలాగా సాగే స్వరాలు. నేను పనిలో చేరిన కొత్తలో మొదటిసారి విని, పక్కగదిలో ఫ్రిజ్ పాడైందనుకున్నాను. వినగా వినగా అలవాటైంది, ఆ తర్వాత ప్రేమైంది. ఆ ముగ్గురి ఆల్బములు నాలుగు. ఆ నాలుగూ మళ్లీ అచ్చువేయించాలని ఒక కంపెనీ మా దగ్గరికొచ్చింది. మొదటిది నీలం, రెండోది ఆరెంజ్, మూడోది అద్దం, నాలుగోది ఆకుపచ్చ. పద్ధతి ప్రకారం ముందుగా నల్లటి శాంపిల్ రికార్డులు వేసి అందరం విన్నాం, బాగున్నాయి. రంగు వేసేటప్పుడు మొదటి రికార్డు తమకీ పంపమని కంపెనీవాళ్లు అడగాలి. అడగలేదు. "మీ దగ్గర పాముచెవులాయన వింటారట కదా, ఇంక మాకెందుకు" అని రాశారు. ఓనరుగారు ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి భుజం తట్టారు. నేను నవ్వాను.

ఆరెంజ్ రికార్డు మూడో ప్రెస్సు మీద పడింది. దాన్ని నడిపే అమ్మాయిని అందరూ మూడో నంబరు అనే పిలుస్తారు. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై నాలుగేళ్లుంటాయి. తొమ్మిదేళ్లు కవర్ల దగ్గర పనిచేసి, ప్రెస్సు పని చూసి చూసి నేర్చుకుని, అడిగి అడిగి సాధించుకుంది ఆ ప్రెస్సును. మా ఫ్యాక్టరీలో ప్రెస్సు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. పొద్దున్నే వచ్చి దాన్ని గుడ్డపెట్టి తుడుచుకునే తీరు చూస్తే, సొంతిల్లు కట్టుకున్నవాళ్లు గడప తుడుచుకున్నట్టుండేది.

ఆ రోజు ఆమె ఆరెంజ్ రికార్డు పట్టుకుని నా గదికొచ్చింది. మామూలుగా ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ రోజు వెళ్లలేదు.

"మాస్టారూ, ఒక్క మాట. బయట చిన్న ప్లేయర్ మీద నేను వేసి చూశాను. రెండో వైపు మోత ఆగిపోయాక ష్... ష్... అని వస్తోంది. చుట్టుకోసారి. ముద్ద గాడిలోకి పూర్తిగా నిండట్లేదేమో. ఈ రంగు గింజలు కాస్త మొండివి. ఇంకో నాలుగు సెకన్లు మూసి ఉంచితే పోతుందేమో అనిపిస్తోంది."

రెండో వైపు నాకు కంఠతా వచ్చు. ఏడు నిమిషాలు మోత, తర్వాత అది ఆగిపోయి ఒకే ఒక్క స్వరం పదకొండు నిమిషాల పాటు సన్నబడుతూ పోతుంది. అక్కడ ముల్లు పెట్టాను. స్వరం వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు. ఆమె స్పీకరు వైపు చూసింది, నా వైపు చూసింది.

"వినిపిస్తోందా అండీ?"

"వినిపించకేం?" అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! "అది సంగీతంలోదే."

"సంగీతంలోదా?"

"వీళ్లు మిషన్ల మీద వాయించేవాళ్లమ్మా. ష్ అనడం కూడా వాళ్లకి ఒక వాయిద్యమే."

అక్కడితో వదిలేసి ఉంటే ఏమయ్యేదో గానీ ఆమె మంచి పనిమంతురాలు, పని తెలిసినది. "అయితే నల్ల శాంపిల్ ఒకసారి పెట్టి చూద్దామా మాస్టారూ? దాంట్లోనూ ఉంటే నా అనుమానం తీరిపోతుంది. అర నిమిషం పని" అంది.

అర నిమిషం పనే. శాంపిల్ నా వెనక అరలోనే ఉంది. అది పెడితే రెండింటికీ తేడా ఉందో లేదో ఆమెకి తెలుస్తుంది, నాకు తెలియదు. నాకు తెలియలేదని ఆమెకి తెలిసిపోతుంది. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. గొంతులో ఏదైనా అడ్డం పడితే నాకు కోపం వస్తుంది. తలుపు దగ్గర రంగులు కలిపే అతనూ, గింజలు మోసే అతనూ చీటీ కోసం నిలబడి ఉన్నారు. వాళ్లకి కూడా వినపడేలా, "గాడిదకేం తెలుసు గంధపు వాసన అని ఊరికే అన్నారా? తొమ్మిదేళ్లు కవర్లు మడిచినవాళ్లు కూడా జర్మన్ సంగీతానికి వంకలు పెడితే ఇంక నేనెందుకిక్కడ?" అన్నాను.

వాళ్లిద్దరూ నవ్వారు. ఆమె మొహం చిన్నబుచ్చుకుని ఉంటే నాకు తర్వాత కాస్త తేలికగా ఉండేదేమో. ఆమె కూడా నవ్వింది. "సరేనండీ మాస్టారూ, నాకు తెలీక అడిగాను" అంది. నేను చీటీ మీద సంతకం పెట్టాను. పన్నెండు వందల రికార్డులు పడ్డాయి.

ఏడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. ఓనరుగారు పని ఆపించి, అందర్నీ ప్రెస్సుల మధ్య ఖాళీలో నిలబెట్టారు. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న, కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఆ రోజు బాగా తగ్గించారు. ఆ ముగ్గురిలో ఇంకా బతికి ఉన్నావిడ ఒక్కరే, ఎనభై దాటాయట, ఆవిడ రాయించిన ఉత్తరం అది. కంపెనీవాళ్లు పంపారు. ఓనరుగారు దాన్ని మా మాటల్లోకి మార్చి చదివారు.

"మా సంగీతంలో ఎవరో చీపురు పట్టుకుని ఊడుస్తున్నారు. ఆ గదిలో ఆ రోజు మేం ముగ్గురమే ఉన్నాం. ఊడ్చే అలవాటు ముగ్గురిలో ఎవరికీ లేదు. ఆ పదకొండు నిమిషాలు ఏమీ లేకుండా ఉంచడానికి నేను మిగతా ఇద్దరితో ఒక సంవత్సరం పోట్లాడాను. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మీ దగ్గర దీన్ని ఎవరైనా విన్నారా?"

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే చీపురు మాటకి సగంమంది పగలబడేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓనరుగారు ఒక ఆరెంజ్ రికార్డు ఎత్తి పట్టుకున్నారు. "గాడి నిండలేదు. ఏ ప్రెస్సు?"

"మూడోదండీ" అంది ఆమె. "నాకు అనుమానం వచ్చి మాస్టారిని అడిగానండీ. సంగీతంలోదే అన్నారు."

అందరూ నా వైపు తిరిగారు. ఓనరుగారు కూడా. "ఏమండీ మాస్టారూ?"

ఇప్పటికైనా నోరు విప్పరా అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు. విప్పాను కూడా. కానీ నీళ్లు నమిలాను. "సంతకం నాదే కదండీ... తప్పు నాదే అనుకోండి" అన్నాను.

ఓనరుగారు రెండు క్షణాలు నన్ను చూసి, తల అడ్డంగా ఊపి, మెత్తగా నవ్వారు. "మీది పెద్ద మనసు మాస్టారూ. నాన్నగారు ఎప్పుడూ అనేవారు. కానీ ఇంత చప్పుడు మీ చెవిని దాటి వెళ్లిందంటే నన్ను నమ్మమంటారా? చీమ నడిస్తే చెప్పే మనిషి మీరు." ఆమె వైపు తిరిగారు. "మాస్టారి దగ్గరికి వెళ్లింది మంచి రికార్డే అయ్యుంటుంది. తర్వాత వేడి తగ్గించావో, తొందరపడి ముందే తెరిచావో నీకే తెలియాలి. ఒప్పుకుని ఉంటే వేరు. పెద్దాయన మీదికి తోసేస్తే ఎలా? రేపట్నుంచి నువ్వు కవర్ల దగ్గరికి వెళ్లు."

నా చుట్టూ జనం నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. గింజలు మోసే అతను నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. నేను తాగాను. ఆమె మూడో ప్రెస్సు దగ్గరికెళ్లి, తన గుడ్డ, తన టీ గ్లాసు తీసుకుని వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న నన్ను ఎప్పటిలాగే "వస్తానండీ" అని పలకరించి మరీ వెళ్లింది.

ఇంటికి వెళ్లగానే మా ఆవిడ, "ఎవరి మీద పడి ఏడ్చారు ఇవాళ?" అంది. నా మొహం అలా ఉందట. జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి ప్రెస్సు పోవడం, నాకు మంచినీళ్లివ్వడం కూడా చెప్పాను. చెవుల సంగతి మాత్రం దాచి, తప్పు నాదే అనుకోండి అన్నా ఎవరూ నమ్మలేదన్నాను, ఇంటావిడ దగ్గర కూడా కాస్త పెద్దమనిషిగా మిగులుదామని.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "తప్పు నాదే అనుకోండి, ఏమిటి ఆ అనుకోవడం? వాళ్లు అనుకోవడం ఎందుకు, మీది కాదా?"

"నాదే."

"మరి ఎందుకు నమ్మలేదు వాళ్లు?"

నేను పేపరు చేతిలోకి తీసుకున్నాను.

"నేను చెప్పనా? ఫ్రిజ్ తలుపు సగం తెరిచి వదిలేస్తారు మీరు. అది కీ కీ మని అరుస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటారు. ఏడాది నుంచీ చూస్తున్నా. మొదట్లో బద్ధకం అనుకున్నా. ఆ మధ్య బట్టలు సర్దుతుంటే మీ కోటు జేబులో కాగితం కనిపించింది."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"మీరే చెబుతారని. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకెందుకు?" అని, గొంతు మార్చి అంది, "చెవులు పోవడం తప్పేం కాదు. మా నాన్నకీ పోయాయి. కానీ ఆ పిల్ల ప్రెస్సు ఊడగొట్టి మీరు గ్లాసుడు మంచినీళ్లు తాగి వచ్చారు చూశారా, అది నాకు చెప్పుకోడానికి కూడా సిగ్గుగా ఉంది."

లేచి బీరువా తెరిచాను. కాగితం మడతల దగ్గర పల్చబడి ఉంది.

మర్నాడు పొద్దున్న షిఫ్టు మొదలయ్యే వేళకి, ఓనరుగారిని అందరి ముందుకూ రమ్మన్నాను. గదిలో చెప్పుకుందాం రండి అన్నారాయన. వద్దన్నాను. నిన్న ఎక్కడ నిలబెట్టారో అక్కడే నిలబడి కాగితం ఇచ్చాను. ఆయన చూశారు, అర్థం కాలేదు.

"ఆ గీత కిందికి దిగిపోయిన చోటునుంచి నాకేమీ వినిపించదండీ. ఆ అమ్మాయి తెచ్చిన రికార్డులో చప్పుడు ఉంది. ఆమెకి వినిపించింది, నాకు వినిపించలేదు. నల్లది పెట్టి చూద్దామని అడిగింది. పెడితే నా బండారం బయటపడుతుందని తిట్టి పంపేశాను."

ఓనరుగారు ఇంకా కాగితాన్నే చూస్తున్నారు. ఆయన చెవుల కొసలు ఎర్రబడ్డాయి. "మాస్టారూ, దీని మీద తేదీ..."

"పద్నాలుగు నెలల కిందటిదండీ."

"అంటే ఈ పద్నాలుగు నెలలూ..."

"అవునండీ."

"మరి మీరు వెనక్కి పంపినవి? మొన్న నాలుగో ప్రెస్సు మీద రెండుసార్లు మళ్లీ వేయించారు?"

"అవి బాగానే ఉన్నాయండీ."

నాలుగో ప్రెస్సతను నా వెనకే ఉన్నాడు. అతను ఏదో అంటాడని వీపు బిగించుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు. ఓనరుగారు కాగితం మడిచి నా చేతిలో పెట్టి, తగ్గిన గొంతుతో, "గది తాళం ఇచ్చి వెళ్లండి" అన్నారు. తర్వాత ఆమెని పిలిచి, "నువ్వు మూడో ప్రెస్సుకి వెళ్లమ్మా. రికార్డులన్నీ వెనక్కి తెప్పించి మళ్లీ వేద్దాం. ఎన్ని సెకన్లు మూసి ఉంచాలో నువ్వే చూడు" అన్నారు. క్షమించమని కూడా అన్నారు, పెద్దగానే అన్నారు. అది నేను అనాల్సిన మాట. ఆయన ముందు అనేసరికి నాకు మిగల్లేదు.

గదిలోంచి నా భూతద్దం తీసుకుని బయటికొస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను, తిడితే కాస్త తీరుతుందని ఆశ కూడా ఉంది.

"మాస్టారూ, మీరు మా ఇంటికి రావాలి" అంది.

"ఎందుకమ్మా?"

"రంగు మారేటప్పుడు కలగాపులగంగా పడే రికార్డులు మమ్మల్ని తీసుకెళ్లనిస్తారు కదా. నీలం పోయి ఆరెంజ్ వచ్చేటప్పుడు పడింది ఒకటి తీసుకెళ్లాను. మా అత్తయ్యకి వినిపించాను. ఆ ష్ వస్తే, ఇదేంటే, పాడైంది తెచ్చావా అంది. కాదు అత్తయ్యా, ఇదే ఇందులో అసలు గొప్ప, మా మాస్టారు చెప్పారు, జర్మనీవాళ్లకి ఇదొక వాయిద్యం అని చెప్పాను. ఇప్పుడు ఆవిడ రోజూ అదే వింటుంది. అది తప్పని నేను చెప్పలేనండీ. మీరే చెప్పండి."

"ఎప్పుడు రమ్మంటావు?"

"షిఫ్టు అయ్యాక. నాతో రండి."

సాయంత్రం దాకా ఫ్యాక్టరీ ఎదురుగా టీకొట్లో కూర్చున్నాను. లోపలికి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ నన్ను చూసి, చూడనట్టు వెళ్లారు. వాళ్లని తప్పుపట్టను. నాలుగున్నరకి ఆమె బయటికొచ్చింది. ఆమె వెనకే నడిచాను.

రెండు గదుల ఇల్లు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చొక్కాకి బొత్తాలు కుడుతున్నారు. పొద్దున కొడుకూ కోడలూ పనికి పోతే, మళ్లీ సాయంత్రం దాకా ఆవిడ ఒక్కరే. కోడలు నన్ను ఫలానా అని చెప్పగానే సూది పక్కన పెట్టేసి లేవబోయారు. "మీరేనా పాముచెవులాయన! కూర్చోండి బాబూ, కూర్చోండి. మీ గురించి రోజూ చెబుతుంది. మీరంత పెద్దవారు, మా ఇంటికి రావడమే!"

నేను కూర్చోలేదు. ఆవిడ ఊరుకోలేదు. ప్లేయరు దగ్గరికి తనే వెళ్లి, సగం నీలం సగం ఆరెంజ్‌గా ఉన్న ఆ రికార్డు మీద ముల్లు పెట్టారు. ఎక్కడ పెట్టాలో ఆవిడకి కరెక్టుగా తెలుసు. స్వరం మొదలైంది.

"ముందంతా మోత, నాకు నచ్చదు. ఇదిగో, ఇక్కణ్నుంచి ఆ ష్ ష్ మొదలవుతుంది చూశారా? మధ్యాహ్నం పూట ఇల్లు బావురుమంటుంటుంది కదా, ఇది పెట్టుకుంటే పక్క గదిలో ఎవరో మనిషి తిరుగుతున్నట్టుంటుంది." చెబుతూ చెబుతూ ఆవిడ తల చిన్నగా ఊపుతున్నారు, రెండు సెకన్లు కూడా పట్టకుండా ఒక్కోసారి, రికార్డు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా. ఆ చప్పుడు నేను మొదటిసారి చూశాను.

"అమ్మా, అది సంగీతం కాదు" అన్నాను. "తప్పు పడింది. మా ఫ్యాక్టరీలో. అది అక్కడ ఉండకూడదు."

ఆవిడ తల ఊపడం ఆపేశారు. "మీరే కదా విని చెప్పారట?"

"వినలేదమ్మా. నాకు ఆ చప్పుడు వినిపించదు. ఆ రోజు వినిపించలేదు. వినిపించిందని అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు వినిపిస్తోందా?"

"లేదమ్మా. ఇప్పుడు కూడా లేదు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. కోప్పడలేదు. కాసేపటికి కోడలి వైపు తిరిగారు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"నీకు వినిపించింది కదే. తప్పని నీకు ముందే తెలిసింది. నాకూ తెలిసింది. మరి నువ్వెందుకు కాదనుకున్నావు?"

"మాస్టారు చెప్పారు కదా అత్తయ్యా" అంది ఆమె.

దెప్పిపొడుస్తూ అని ఉంటే నేను తట్టుకునేవాణ్ని. మామూలుగా అంది.